గోడ మీది రంగు ఎందుకు వెలిసిపోతుంది?

పాత ఊళ్ళలో గోడ ప్రకటనను నింపాదిగా చూస్తే ఒక విచిత్రం కనబడుతుంది. నల్ల అక్షరాలు మొన్నమొన్న రాసినట్టే ఉంటాయి. వాటి పక్కన ఒకప్పుడు కళ్ళు జిగేలుమనిపించిన ఎరుపు మాత్రం లేత గులాబీ మరకగా మిగిలి ఉంటుంది. పసుపు మట్టిరంగులోకి తిరిగి ఉంటుంది. తెలుపు మీద వేలితో రాస్తే వేలికి పొడి అంటుతుంది. రాసింది ఒకే మనిషి, ఒకే రోజు. కాసింది ఒకే ఎండ, కురిసింది ఒకే వాన. అయినా ఒక రంగు నిలిచింది, ఒక రంగు పోయింది. ఈ తేడా యాదృచ్ఛికం కాదు. రంగు లోపలి అణువుల నిర్మాణం, దాన్ని పట్టి ఉంచిన నూనె లేదా బంక, కింద ఉన్న సున్నం, గోడ చూస్తున్న దిక్కు కలిసి ఏ అక్షరం బతకాలో తేలుస్తాయి. ఇది తెలిసినవాడికి వెలిసిన రాతను చదవడమూ వస్తుంది, కెమెరాలో పట్టడమూ వస్తుంది.

ఈ చదువుకు పాకాల చక్కని చోటు. తిరుపతి నుంచి కాట్పాడి వెళ్ళే రైలుదారి, ధర్మవరం నుంచి కదిరి, మదనపల్లె రోడ్డు, పీలేరు మీదుగా వచ్చే రైలుదారి ఇక్కడే కలుస్తాయి. 1890ల తొలినాళ్ళలో సౌత్ ఇండియన్ రైల్వే వేసిన మీటర్‌గేజ్ పట్టాలు ఈ ఊరికి జంక్షన్ హోదా ఇచ్చాయి. బ్రాడ్‌గేజ్ వచ్చింది ఈ శతాబ్దంలోనే. బండి మారడానికి దిగినవాళ్ళు, దామలచెరువు మామిడి, చింతపండు వ్యాపారానికి వచ్చినవాళ్ళు, కాణిపాకానికో తిరుమలకో పోయే యాత్రికులు గంటల తరబడి ఆగే చోటు జంక్షన్. మనిషి ఆగే చోట గోడకు విలువ వస్తుంది. బీడీ, టీ పొడి, పళ్ళపొడి, సబ్బు, ఎరువు, సిమెంటు ప్రకటనలు, ప్రభుత్వం వారి కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం మన చిన్న పట్నాల గోడలెక్కింది ఈ లెక్క మీదనే.

ముందు ఆ రాత ఎలా రాసేవారో చూడాలి. గోడకు సున్నం కొట్టి ఆరనిచ్చేవారు. నీలిమందు పూసిన దారాన్ని రెండు కొసల దగ్గర లాగిపట్టి మధ్యలో మీటితే గోడ మీద తిన్నటి గీత పడేది. ఆ గీతల మధ్య సుద్దతోనో బొగ్గుతోనో అక్షరాల ఆకారం గీసి, ఔట్‌లైన్ వేసి, లోపల ఫిల్లింగ్ చేసి, చివర ఒక పక్కన షేడ్ ఇచ్చేవారు. చవక పనికి పొడిరంగులో వజ్రం బంక కలిపేవారు. కంపెనీ డబ్బిచ్చే పనికి నూనెరంగు, ఎనామెల్ డబ్బాలు దిగేవి. ఈ రెండింటి బతుకులు వేరు. బంక నీళ్ళకు కరుగుతుంది కాబట్టి నాలుగు వానలకు రంగు జారిపోతుంది. నూనెరంగు ఆరడమంటే నీరు ఆవిరైనట్టు ఆవిరవడం కాదు. అవిసె నూనె వంటివి గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని, అణువుకు అణువు ముడిపడి, గట్టి పొరగా మారతాయి. కానీ ఆ ఆక్సీకరణం పొర గట్టిపడ్డాక కూడా ఆగదు. మెల్లగా సాగుతూనే ఉండి ఏళ్ళ తరబడి ఆ పొరను పెళుసుగా చేస్తుంది. గట్టిపడటానికి కారణమైన చర్యే చివరికి పగుళ్ళకు దారి తీస్తుందన్నమాట.

ఇక ఎండ సంగతి. వెలుగు ఫోటాన్లుగా వస్తుంది. తరంగదైర్ఘ్యం తగ్గేకొద్దీ ఒక్కో ఫోటాన్‌కు శక్తి పెరుగుతుంది. ఓజోన్ పొర వడగట్టగా నేలకు చేరే అతినీలలోహిత కాంతి దాదాపు 300 నానోమీటర్ల దగ్గర మొదలవుతుంది. ఆ ఫోటాన్ల శక్తిని మోల్‌కు లెక్కగడితే సుమారు 400 కిలోజౌళ్ళు. రెండు కార్బన్ పరమాణువుల మధ్య ఒంటి బంధాన్ని తెంచడానికి కావలసింది సుమారు 350. అంటే సేంద్రియ అణువును ముక్కలు చేసే సత్తా ఎండకు పుట్టుకతోనే ఉంది. మన వైపు వేసవి మధ్యాహ్నాల్లో అతినీలలోహిత సూచిక 11 దాటడం మామూలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలమానంలో అదే పైమెట్టు.

సేంద్రియ రంగు అణువులో ఒంటి బంధాలు, జంట బంధాలు ఒకటి విడిచి ఒకటిగా పొడుగ్గా అల్లుకుని ఉంటాయి. ఆ అల్లికలోని ఎలక్ట్రాన్లు కంటికి కనిపించే వెలుగులో కొంత భాగాన్ని మింగేస్తాయి, మిగిలినది మన కంటికి రంగుగా తోస్తుంది. అల్లికలో ఒక్క బంధం తెగినా ఆ మింగే గుణం పోతుంది. అణువు ముక్కలు అక్కడే ఉంటాయి, రంగు మాత్రం ఉండదు. ఎర్రటి సేంద్రియ రంగులకు ఇంకో కష్టం కూడా ఉంది. ఎరుపుగా కనిపించాలంటే అవి నీలం, ఆకుపచ్చ భాగాలను మింగాలి. కనిపించే వెలుగులో శక్తి ఎక్కువున్న భాగం అదే. అందుకే దుకాణం బోర్డులోని మిలమిలలాడే ఎరుపు అన్నిటికంటే ముందు పాలిపోతుంది.

మరి గుడి ప్రహరీల మీది జేగురు పట్టెలు ఎందుకు పోవు? జేగురు సేంద్రియం కాదు, ఇనుప ఆక్సైడ్. ఇనుము అప్పటికే ఆక్సిజన్‌తో పూర్తిగా కలిసిపోయి ఉంది, ఎండ వచ్చి కొత్తగా చెయ్యగలిగింది ఏమీ లేదు. మింగిన శక్తిని వేడిగా వదిలేసి ఎప్పటిలా నిలబడుతుంది. కడప జిల్లా చింతకుంట రాతిచరియల మీద ఆదిమానవులు గీసిన ఎర్ర బొమ్మలు నేటికీ కనిపించడం ఈ గుణం వల్లనే. లేపాక్షి గుడిలో, పదహారో శతాబ్దపు పైకప్పు చిత్రాల్లో ఎరుపు, పసుపు మట్టిరంగులు నిలవడానికీ మూలం ఇదే. అక్కడ ఎండ సోకని చోటు కావడం అదనపు రక్ష. మట్టి నుంచి వచ్చిన పసుపు కూడా ఇనుప సమ్మేళనమే. మన కర్నూలు ప్రాంతంలో బేతంచెర్ల చుట్టుపక్కల అది గనుల్లో దొరుకుతుంది.

ఈ తేడాను కళ్ళారా చూడాలంటే ఎర్ర త్రికోణాన్ని మించిన నమూనా లేదు. 1960లలో దీప్ త్యాగి చొరవతో తలకిందుల ఎర్ర త్రికోణం దేశమంతటా కుటుంబ నియంత్రణ గుర్తయింది. గుర్తు ఒకటే, కానీ దాన్ని రాసిన ఎరుపు ఊరూరా వేరు. స్థానిక పెయింటర్ చేతిలో ఏ డబ్బా ఉంటే అదే. రెడాక్సైడ్‌తో, అంటే ఇనుప ఆక్సైడ్‌తో వేసిన త్రికోణం ముదురు ఇటుకరంగులో అంచులతో సహా నిలిచి ఉంటుంది. మెరుపు ఎరుపుతో వేసినది గులాబీలోకి, చివరికి గోడరంగులోకి జారిపోతుంది.

నలుపు ఎందుకు చెరగదో ఇప్పుడు చెప్పనక్కర్లేదు. అది మసి, అంటే కార్బన్. తెంచడానికి సున్నితమైన రంగు అల్లిక ఏదీ అందులో లేదు. కింద పట్టి ఉంచిన నూనె శిథిలమై రాలితే తప్ప నలుపు పోదు.

నీలం కథ మరింత ఆసక్తికరం. మన ఇళ్ళలో బట్టలకు పెట్టే పాతకాలపు నీలిమందు అల్ట్రామెరైన్ అనే ఖనిజరంగు. ఫ్రాన్సులో గిమే దాన్ని 1820లలో కృత్రిమంగా తయారు చేశాక చవకై మన చాకిరేవుల దాకా వచ్చింది. ఎండకు, సున్నానికి తట్టుకుంటుంది, పులుపు తగిలితే మాత్రం తెల్లబోతుంది. ప్రష్యన్ నీలానిది సరిగ్గా వ్యతిరేక స్వభావం. సున్నపు క్షారం తగిలితే గోధుమరంగులోకి తిరుగుతుంది. పచ్చి సున్నం మీద అనుభవమున్న పెయింటర్ దాన్ని వాడడు. మూడో నీలం 1928లో స్కాట్లండ్‌లోని గ్రేంజ్‌మౌత్ రంగుల కర్మాగారంలో అనుకోకుండా పుట్టింది. పాత్ర లోపలి గాజుపూత పగిలి, లోపలి రసాయనం బయటి ఇనుముతో కలిసి నీలం కనిపించింది. దాని వెంటపడి చేసిన పరిశోధనలో థాలోసయనైన్ అనే రంగు కుటుంబం బయటపడింది. అందులో రాగి ఉన్న నీలం 1935లో అమ్మకానికి వచ్చింది. సేంద్రియమే అయినా దీని అణువు రాగి చుట్టూ వలయంగా బిగుసుకుని ఉండటంతో ఎండకు లొంగదు. సినిమా పోస్టర్ నెలలు గడిచేసరికి హీరో ముఖంతో సహా నీలంగా మారిపోవడం మనమంతా చూసిందే. అచ్చులో వాడిన గులాబీ, పసుపు సిరాలు ముందు పోతాయి, ఈ రాగి నీలం ఒక్కటే మిగులుతుంది.

పసుపు వెలిసిపోవడమే కాదు, నల్లబడుతుంది కూడా. పాత నూనెరంగుల్లో ప్రకాశవంతమైన పసుపు చాలావరకు లెడ్ క్రోమేట్. వెలుగుకు అందులోని క్రోమియం ఆరో ఆక్సీకరణ స్థితి నుంచి మూడో స్థితికి దిగితే పసుపు మాసి గోధుమ ఛాయ వస్తుంది. చిత్రకారుడు వాన్‌గో పొద్దుతిరుగుడు పూల కాలపు పసుపు ఎందుకు మాడుతోందో 2011లో లెటీజియా మోనికో బృందం గ్రెనోబుల్‌లోని సింక్రోట్రాన్ ఎక్స్-కిరణాలతో తేల్చింది. మన పెయింటర్లు వాడిన రంగు కూడా అదే కుటుంబానిది. ఆమ్‌స్టర్‌డామ్ మ్యూజియం లోపల జరిగిన మార్పు మన రోడ్డు పక్క గోడ మీద ఇంకా తొందరగా జరుగుతుంది.

తెలుపు పొడి రాలడం వెనుక టైటానియం డయాక్సైడ్ ఉంది. దీనికి రెండు స్ఫటిక రూపాలు ముఖ్యం, రూటైల్, అనటేజ్. తిరువనంతపురంలోని ట్రావన్‌కోర్ టైటానియం సంస్థ తయారు చేస్తూ వచ్చినది అనటేజ్ రకం. ఈ రకం అతినీలలోహిత కాంతిని మింగి, తేమ, ఆక్సిజన్‌ల సాయంతో చురుకైన రాడికల్స్‌ను పుట్టిస్తుంది. అవి చుట్టూ ఉన్న నూనెపొరనే తినేస్తాయి. కంచే చేను మేసినట్టు, పొరకు బలమివ్వాల్సిన రంగే పొరను అరగదీస్తుంది. పట్టు తప్పిన తెల్లపొడి పైకి తేలి, వానకు కడుక్కుపోతుంది. తెల్లటి అక్షరాలు ఎప్పుడూ కాస్త కొత్తగా కనిపించడానికి ఇది కూడా ఒక కారణం. పాత మాసిన పొర రాలిపోతూ లోపలి తెలుపు బయటపడుతూ ఉంటుంది. పాతకాలపు సీసం తెలుపుది మరో దారి. సీసం నూనెలోని ఆమ్లాలతో కలిసి సబ్బు వంటి సమ్మేళనాలు ఏర్పడి, పొరను గట్టిగా పట్టి ఉంచుతాయి. అందుకే ఎన్నో దేశాల్లో శతాబ్దం నాటి గోడరాతల్లో మిగిలి కనిపించేవి తెల్లక్షరాలే. వయసు మీరిన కొద్దీ ఆ పొర పారదర్శకమూ అవుతుంది. కింద కప్పేసిన పాత ప్రకటన పైదాని సందుల్లోంచి తొంగిచూసి, ఒకే చోట రెండు కంపెనీల పేర్లు కలగలిసి చదవరానట్టు కనిపించేది ఇందువల్లే.

గోడకు కూడా ఈ కథలో పెద్ద పాత్రే ఉంది. తడి సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చి కాల్షియం కార్బొనేట్‌గా, అంటే మళ్ళీ రాయిగా మారుతుంది. పూర్తిగా ఆరకముందు పడ్డ ఖనిజరంగు ఆ రాతిలో చిక్కుకుని నిలుస్తుంది. తర్వాత ఏటేటా పండక్కి కొట్టే సున్నం ఆ రాతను కప్పేస్తుంది, కప్పి కాపాడుతుంది. పెచ్చులూడినప్పుడు యాభై ఏళ్ళ కిందటి అక్షరం కొత్తగా బయటపడటానికి కారణం ఆ సున్నపు పొరల్లో ఎండ సోకకుండా దాగడమే. శత్రువు కింద నుంచి వస్తుంది. పునాదిలోని తేమ సూక్ష్మరంధ్రాల గుండా పైకి పాకి, ఆవిరయ్యేటప్పుడు తనతో తెచ్చిన ఉప్పును వదిలేస్తుంది. ఆ ఉప్పు స్ఫటికాలు పెరిగి గిలాబాను లోపలినుంచి పగలగొడతాయి. ప్రకటన కింది భాగం, సాధారణంగా దుకాణం పేరు, ఊరు ఉండే వరుస, ముందు పోయేది ఇలాగే. ఆవిరి ఇంజన్లు నడిచిన రోజుల్లో స్టేషన్ పక్క గోడలకు బొగ్గు పొగ కూడా తోడైంది. అందులోని సల్ఫర్ డయాక్సైడ్ సున్నంతో కలిసి జిప్సం అవుతుంది. అది మసిని పట్టుకుని నల్లటి పెళుసు పొరగా పేరుకుంటుంది.

ఇంకో సంగతి దగ్గరికి వెళ్ళి చూస్తేనే తెలుస్తుంది. రంగు మొత్తం పోయినా అక్షరం పోదు. రంగు ఉన్నన్నాళ్ళూ దాని కింద గిలాబాకు వాన తగల్లేదు. చుట్టూ ఉన్న ఖాళీ గిలాబా ఇసుకరేణువు తర్వాత ఇసుకరేణువుగా అరిగింది. ఇప్పుడు రంగులేని ఆ అక్షరం చుట్టుపక్కల కంటే వెంట్రుకవాసి ఎత్తుగా, నున్నగా ఉంటుంది. ఎదురుగా నిలబడితే కనిపించదు. గోడకు చెంప ఆనించినంత దగ్గరగా వచ్చి, గోడ వెంబడి చూపు సారిస్తే కనిపిస్తుంది. ఫొటో తీసేవారికి ఇంతకంటే విలువైన సూచన లేదు. రంగు లేని చోట నీడ చదివిస్తుంది. దానికి కావలసింది గోడను రాసుకుంటూ వచ్చే ఏటవాలు వెలుగు.

ఆ వెలుగు పాకాలలో ఎప్పుడొస్తుందో లెక్క కట్టవచ్చు. ఐరోపా, అమెరికా వాళ్ళ పుస్తకాల్లో ఉత్తరపు గోడ మీద ఎండ పడదని రాస్తారు. అది మనకు వర్తించదు. పాకాల సుమారు 13.4 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. ఏప్రిల్ 25 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 18 ప్రాంతంలో ఒకసారి సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. ఈ రెండు తేదీల మధ్య దాదాపు నాలుగు నెలలు అతను పొద్దున్నించి సాయంత్రం దాకా తూర్పుపడమర గీతకు ఉత్తరానే ఉంటాడు. అంటే మండువేసవిలో దక్షిణపు గోడ మీద నేరుగా ఎండ పడదు, ఉత్తరపు గోడ మీద పడుతుంది. జూన్ నెలాఖరులో ఉత్తరపు గోడను తాకే ఎండ 10 నుంచి 24 డిగ్రీల కోణంలోనే జారుతూ పడుతుంది. అరిగిన అక్షరం ఎత్తుపల్లాలు పట్టడానికి అంత అనువైన వెలుగు రోజంతా ఉండటం మన అక్షాంశం ఇచ్చిన వరం. డిసెంబరులో వ్యవహారం తిరగబడుతుంది. దక్షిణపు గోడ రోజంతా ఎండకు కాగుతుంది, ఉత్తరపు గోడ నీడలో ఉండి మెత్తటి వెలుగునిస్తుంది.

తూర్పు, పడమర గోడలకు ఏడాది పొడుగునా ఒకే సూత్రం. నడిమధ్యాహ్నం సూర్యుడు ఈ గోడల తలానికి సరిగ్గా వరసలో ఉంటాడు. కాబట్టి తూర్పు గోడకు మధ్యాహ్నానికి కాస్త ముందు, పడమటి గోడకు కాస్త తర్వాత వెలుగు పైనుంచి గోడను రాసుకుంటూ దిగుతుంది. నడిమధ్యాహ్నమంటే గడియారంలో 12 కాదు. మన ప్రామాణిక సమయం 82.5 డిగ్రీల రేఖాంశానిది, పాకాల దాదాపు 79.1 దగ్గర ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున సగటున 12 గంటల 14 నిమిషాలకు గానీ ఇక్కడ సూర్యుడు నడిమింటికి రాడు. ఫిబ్రవరిలో అది 12:28 దాకా జరుగుతుంది, నవంబరు మొదట్లో 12కు కాస్త ముందే అవుతుంది. ఆ ముందూ వెనకా అరగంట గోడ మాట్లాడే సమయం. మామూలుగా ఫొటోలకు పనికిరాదని అందరూ కెమెరా మూసేసే వేళ అది.

వెలిసిపోవడంలో కూడా ఎక్కువ దెబ్బ తినేవి తూర్పు, పడమర గోడలే. ఉదయం ఎనిమిదింటికి, సాయంత్రం నాలుగింటికి ఎండ వాటి మీద దాదాపు ఎదురుగా పడుతుంది. అందులో పడమటి గోడకు అప్పటికే కాగిన గాలి, వేడెక్కిన ఇటుక తోడవుతాయి. వేడి పెరిగితే రసాయన చర్యలు వేగం పుంజుకుంటాయి. దక్షిణ రాయలసీమకు వానలు బాగా ఇచ్చే ఈశాన్య రుతుపవనాలు తూర్పు, ఉత్తర గోడలను కడుగుతాయి. అలాగని నీడలో ఉన్న గోడ పూర్తిగా క్షేమమనుకోవద్దు. అతినీలలోహిత కాంతిని గాలి అణువులు ఎక్కువగా చెదరగొడతాయి కాబట్టి అందులో పెద్ద భాగం ఆకాశం నలుమూలల నుంచీ వస్తుంది, నీడలోకీ వస్తుంది.

ఏటవాలు వెలుగు ఉబ్బెత్తు కోసం. రంగు కోసమైతే మబ్బు పట్టిన రోజు మేలు, వాన వెలిసిన వెంటనే అయితే మరీ మేలు. తడిసిన గోడ మీద చచ్చిపోయిందనుకున్న రంగు ఒక్కసారి లేచి వస్తుంది. కారణం వక్రీభవన గుణకం. పొడి గోడ రంధ్రాల్లో ఉన్నది గాలి, దాని గుణకం 1. కాల్షియం కార్బొనేట్‌ది సుమారు 1.6. ఈ పెద్ద తేడా వల్ల వెలుగు ఉపరితలంలోనే అన్ని వైపులకూ చెదిరి తెల్లటి పొగమంచులా రంగును కప్పేస్తుంది. రంధ్రాల్లో నీరు నిండితే తేడా 1.33కూ 1.6కూ మధ్యే. చెదరడం తగ్గి వెలుగు లోపలికి దిగి రంగును మోసుకుని బయటికొస్తుంది. ఇది చూసి బిందెడు నీళ్ళు గోడ మీద చల్లాలనిపిస్తుంది. ఆ పని చెయ్యొద్దు. నీళ్ళు లోపలి ఉప్పును కదిలిస్తాయి, పట్టు తప్పిన పొడిని కడిగేస్తాయి. వాన ఎలాగూ వస్తుంది, అప్పటిదాకా ఆగడమే మర్యాద.

ఇక కెమెరా. ఫోనైనా సరిపోతుంది, కొన్ని జాగ్రత్తలతో. గోడకు లంబంగా, ప్రకటన మధ్య ఎత్తుకు దగ్గరగా నిలబడాలి. మరీ దగ్గరికి పోయి వెడల్పు లెన్సుతో తీస్తే అంచుల అక్షరాలు సాగిపోతాయి. కాస్త వెనక్కి వెళ్ళి జూమ్‌తో తీయడం మంచిది. పెద్ద గోడైతే ఒక్కో ఫొటో ముందుదానిపై సగానికి పైగా కలిసేలా వరసగా తీసి, తర్వాత కంప్యూటర్‌లో అతకాలి. ఒక ఫొటోలో బూడిదరంగు కార్డు, కొలబద్ద పెట్టాలి. తెల్లకాగితం పెడితే సరిపోదా అంటే పోదు. అందులో తెల్లదనం కోసం కలిపే రసాయనాలు అతినీలలోహితాన్ని నీలంగా మార్చి రంగుల లెక్క తప్పిస్తాయి. వీలైతే రా ఫార్మాట్‌లో దాచాలి. జేపెగ్ చేసే కుదింపులో మొదట బలయ్యేవి లేత రంగుల మధ్య తేడాలు, మనకు కావలసినవి సరిగ్గా అవే.

ఆ తేడాలను పెద్దవి చేసి చూపే పద్ధతి ఉపగ్రహ చిత్రాల నుంచి వచ్చింది. కాలిఫోర్నియాలోని జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీలో ఖనిజాల గుర్తింపు కోసం అభివృద్ధి చేసిన డీకోరిలేషన్ స్ట్రెచ్ అది. వెలిసిన గోడ ఫొటోలో ఎరుపు, పచ్చ, నీలం విలువలు దాదాపు కలిసే పెరుగుతాయి, కలిసే తగ్గుతాయి. అందుకే అంతా బూడిదగా కనిపిస్తుంది. ఆ ఉమ్మడి మార్పును గణితంతో విడదీసి, మిగిలిన చిన్న తేడాలను సమానంగా సాగదీస్తే కంటికి అందని గులాబీ అక్షరం ఎర్రగా బయటపడుతుంది. 2005లో జాన్ హార్మన్ దీన్ని రాతి చిత్రాలకు అనువుగా డీస్ట్రెచ్ పేరుతో, ఇమేజ్‌జే అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో నడిచేలా రాశాడు. ఆదిమ చిత్రాలకు పనికొచ్చింది బీడీ ప్రకటనకూ అంతే బాగా పనికొస్తుంది. ఇందులో వచ్చే రంగులు అసలు రంగులు కావు, చదవడానికే. అసలు ఫొటోను ముట్టకుండా పక్కన దాచాలి.

చదవడంలో తెలుగు లిపికి తనదైన చిక్కు ఉంది. బ్రష్ ఎత్తేచోట రంగు పల్చన కాబట్టి సన్నటి కొసలు ముందు పోతాయి. తలకట్లు, గుడులు, ఒత్తు గీతలు ఆ కొసల్లోనే ఉన్నాయి. ద, ధ, డ, ఢ, ప, ఫ జంటల్లో తేడా చిన్న గీతే. ఆ గీత పోతే పేరే మారిపోతుంది. అందుకని అక్షరాన్ని విడిగా కాక అదే పెయింటర్ అదే గోడ మీద రాసిన మిగతా అక్షరాలతో పోల్చి చదవాలి. ప్రతి పెయింటర్‌కూ కొమ్ము తిప్పే తీరు ఒకటుంటుంది. కింద మూలన ఫలానా ఆర్ట్స్ అన్న సంతకం కనిపిస్తే దాన్ని తప్పక విడిగా ఫొటో తియ్యాలి. చాలామంది పెయింటర్ల పేరు మిగిలింది అక్కడొక్కచోటే.

కాలం తేల్చడానికీ రాతే ఆధారమిస్తుంది. ధర అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కు ముందుది కావచ్చు. నయాపైసలని ఉంటే 1957కూ 1964కూ మధ్యది. 517తో మొదలయ్యే పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతిదే. అరసున్న, బండి ఱ ఉంటే రాసినవాడి చదువు పాతకాలపుదని అర్థం. పది అంకెల సెల్ నంబరు ఉంటే మన కళ్ళముందే రాసింది. చిత్తూరు జిల్లా అని ఉండి ఊరు పాకాల అయితే 2022 ఏప్రిల్ 4కు ముందుదయ్యే అవకాశం ఎక్కువ, ఆ రోజు నుంచి పాకాల తిరుపతి జిల్లాలో ఉంది. తమిళ అక్షరాలు కనబడితే ఆశ్చర్యపోనక్కర్లేదు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడింది ఉత్తర ఆర్కాటు నుంచి భాగాలు కలుపుకునే. తిరుత్తణి తాలూకా 1960లో మద్రాసుకు వెళ్ళేదాకా ఇదంతా ఒకే జిల్లా.

ఈ గోడలకు మిగిలిన రోజులు తక్కువ. ఫ్లెక్సీ వచ్చాక కొత్తగా చేత్తో రాయించేవారు అరుదైపోయారు. పాతవి రోడ్డు వెడల్పుకు, కొత్త కట్టడాలకు, ఎమల్షన్ పెయింట్‌కు పోతున్నాయి. సున్నం కింద దాగిన రాత తిరిగి బయటపడగలదు. ప్లాస్టిక్ వంటి ఎమల్షన్ పొర కింద పడ్డది, ఆ పొర ఊడినప్పుడు దానితో పాటే ఊడిపోతుంది. వాటిని అలాగే నిలబెట్టమని ఇంటివాళ్ళను అడిగే హక్కు మనకు లేదు, ఫొటో తీసే అనుమతి అడగవచ్చు. అడిగితే కాదనేవారు తక్కువ.

ఒక హెచ్చరిక. అక్షరం బాగా కనిపించాలని గోకడం, ఉప్పుకాగితంతో రుద్దడం వద్దు. పాత ఎనామెల్‌లో సీసం ఎక్కువగా ఉండేది. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల భాగాల్లో 90 భాగాలకు మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు 1 నుంచే అమల్లోకి వచ్చింది. గోకితే లేచే దుమ్ము పిల్లల ఒంట్లోకి పోవడం ప్రమాదం.

మీ ఊళ్ళో ఇలాంటి గోడ ఉంటే ఈ వానాకాలం దాటకముందే ఫొటో తీయండి. మబ్బు రోజున ఒకటి, వాన వెలిశాక ఒకటి, ఏటవాలు ఎండలో ఒకటి. తేదీ, సమయం, గోడ చూసే దిక్కు, వీధి పేరు రాసి పెట్టండి. రాసిన పెయింటర్ ఎవరో తెలిసిన పెద్దవారుంటే అడిగి, వారి ఇష్టంతో ఆ వివరమూ చేర్చండి. ఒక ప్రతి ఊరి శాఖా గ్రంథాలయానికి ఇవ్వండి.